శాంపిల్ ఎరుపు

మర ఆపి మూత తీసేసరికి లోపల పొడి లేదు, బంక ఉంది. బ్లేళ్ళ చుట్టూ, గిన్నె గోడల నిండా ఎండు టమాటా తారులా అతుక్కుపోయింది. పొట్టి దాన్ని చెంచాతో గీకింది. చెంచా వంగిందే గాని ముద్ద కదల్లేదు.

“చల్లారకముందే మరలో పోశావా వదినా?”

“చల్లారాయనే అనుకున్నా.”

“అనుకోవడమేంటి? చెయ్యి పెట్టి చూస్తే తెలీదూ?”

“చూశా. ఈ షెడ్డులో నా చెయ్యి కూడా అంత వేడిగానే ఉంది. ఏం తెలుస్తుంది?”

ఇంకో రోజైతే పొట్టికి నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు. వంగిన చెంచాని నేలకేసి కొట్టి, పెరట్లోకి వెళ్ళి, పంపు కింద తల పెట్టి నిలబడింది. నీళ్ళు కూడా వేడిగానే వచ్చాయి.

పొట్టి అన్నది అన్న పెట్టిన పేరు. చిన్నప్పుడు అటక మీది డబ్బా అందక ఏడ్చేదని అలా పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంట్లో అందరికన్నా ఆమే పొడుగు. షెడ్డు గుమ్మంలోకి తల వంచితే గాని రాలేదు. మనిషి పెరిగింది గాని పేరు అక్కడే ఉండిపోయింది. ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీ ప్యాకింగు హాల్లో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్ళు గోడలు చూస్తూ కూర్చుని, ఒక రోజు ఉన్నట్టుండి, “టమాటా పొడి చేద్దాం” అంది. అన్న ఎలక్ట్రీషియను. ఇంటి వెనక ఖాళీగా పడి ఉన్న షెడ్డులో ఒక పాత ఇనప బీరువాకి వేడి తీగలు, ఫ్యాన్లు బిగించి డ్రయ్యర్ చేసిపెట్టాడు. ఇంట్లో బట్టలు కుట్టే వదిన మిషను మీద గుడ్డ కప్పేసి, కత్తి పట్టుకుని ఆడపడుచు పక్కన కూర్చుంది.

పని వినడానికి చాలా తేలిక. టమాటాలు కడిగి, బిళ్ళలుగా తరిగి, ట్రేల మీద పరిచి ఆరబెట్టాలి. గలగలలాడేలా ఎండాక చల్లార్చి మరపట్టాలి. జల్లించి, గాలి తగలకుండా సంచుల్లో మూసెయ్యాలి. చెయ్యడం మొదలుపెట్టాకే తెలిసింది, టమాటా ఎంత పెంకిదో. వేడి ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే పులుస్తుంది. వేడి మీద మరపడితే బంకవుతుంది. పొడి అయ్యాక కూడా ఊరుకోదు, గాలిలో ఉన్న కాస్త తేమనీ పీల్చుకుని రాయిలా గడ్డకడుతుంది. బస్తాలకొద్దీ కాయలు లోపలికి పోతే డబ్బాడు పొడి బయటికొచ్చేది.

అయినా ఆ పొడి నచ్చినవాళ్ళు దొరికారు. సూపు పాకెట్లు తయారుచేసే కంపెనీ ఒకటి శాంపిల్ తీసుకెళ్ళింది. కొన్నాళ్ళకి కొనుగోలు చూసే మేడమ్ స్వయంగా ఫోన్ చేసింది. “ఇంత మంచి రంగు మాకు ఎక్కడా దొరకలేదండీ. ఇదే రంగులో ఇవ్వగలిగితే ఏడాది పొడుగునా మీ దగ్గరే తీసుకుంటాం” అంది. శాంపిల్లో సగం తమ దగ్గర ఉంచుకుని, మిగతా సగం చిన్న గాజు సీసాలో పోసి, మూతకి కాగితం అంటించి వెనక్కి పంపింది. ప్రతి సరుకూ ఆ సీసాతో పోల్చి చూసుకోవాలట.

ఆ శాంపిల్ చేసింది వదినే. పొట్టి కొత్త జల్లెడ చేయించుకోవడానికి పక్క ఊరు వెళ్ళి, బస్సు దొరక్క అక్కడే చిక్కుకుపోయిన రోజు అది. మర్నాడు తిరిగొచ్చేసరికి కంపెనీ మనిషి శాంపిల్ పట్టుకెళ్ళిపోయాడు. గిన్నెలో మిగిలిన కాస్త పొడినీ వేళ్ళ మధ్య నలిపి చూసి పొట్టి ఆశ్చర్యపోయింది. అంత ఎరుపు ఆమె చేతిలో ఎప్పుడూ రాలేదు. “వదినా, నీ చేతిలో ఏదో ఉందే! నాకంటే బాగా చేశావు” అంది. వదిన తల వంచుకుని ట్రేలు కడుగుతూ ఉండిపోయింది. సిగ్గు కాబోలనుకుంది పొట్టి.

ఆ తర్వాత ఆ ఎరుపు మళ్ళీ రాలేదు.

మొదటి సరుకు కంపెనీ తిప్పి పంపింది. “రుచి బావుంది, వాసన బావుంది. రంగు మాత్రం ఇటుక పొడిలా ఉందండీ” అంది మేడమ్. పొట్టి కాయలు మార్చింది. ఊరవతల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళి, బాగా పండిన పొడుగు టమాటాలు ఒక్కొక్కటే ఏరి తెచ్చింది. ఇటుక రంగే వచ్చింది. వేడి తగ్గించింది. బిళ్ళలు ఎంతకీ ఎండక, షెడ్డంతా పులిసిన కంపు కొట్టి మొత్తం పారబోయాల్సి వచ్చింది. తొక్క తీసి చూసింది. ఉన్న రంగు కూడా పోయింది. తొక్కలు మాత్రమే ఎండబెట్టి కలిపింది. ఎరుపు కాస్త పెరిగింది గాని పొడి నాలుక మీద రంపపు పొట్టులా గరగరలాడింది. నిమ్మరసంలో ముంచి చూసింది, ఉప్పునీళ్ళలో ముంచి చూసింది. ప్రతిసారీ పొడిని తెల్ల కాగితం మీద పోసి, పక్కనే సీసా పెట్టి చూసేది. చూసిన ప్రతిసారీ మొహం మాడిపోయేది.

“నువ్వు ఆ రోజు సరిగ్గా ఏం చేశావో ఇంకోసారి చెప్పు వదినా.”

“చెప్పాగా. రోజూ చేసినట్టే చేశాను.”

“కాయలు ఎక్కడివి?”

“బండి మీద వచ్చినవే.”

“వేడి ఎంత పెట్టావు?”

“నువ్వు పెట్టి వెళ్ళిందే.”

“మరి ఎందుకు రావట్లేదు?”

వదిన ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది.

అన్న సాయంత్రం పని నించి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా డ్రయ్యర్ తలుపు తీసి ఫ్యాన్లు చూసేవాడు. ఇద్దరి మొహాలూ చూసి నవ్వించబోయేవాడు. “నా చొక్కాలు ఎర్రబడ్డాయి, మీ చేతులు ఎర్రబడ్డాయి, పొట్టి కళ్ళు ఎర్రబడ్డాయి. ఎర్రబడాల్సింది తప్ప అన్నీ ఎర్రబడ్డాయి” అన్నాడోసారి. పొట్టి చేతిలో ఉన్న జల్లెడ అతని కాళ్ళ దగ్గర పడింది. ఆ తర్వాత అతను జోకులు మానేసి ఫ్యాన్లే చూసుకున్నాడు.

రెండో సరుకు కూడా తిరిగొచ్చింది. ఈసారి మేడమ్ గొంతులో మర్యాద ఉంది గాని ఓపిక లేదు. “వచ్చే వారం చూస్తానండీ. అప్పటికీ రాకపోతే నేను వేరేవాళ్ళని చూసుకోవాలి. ఏమీ అనుకోకండి” అంది. ఆ వారంలోనే వదిన వేడి ముక్కలు మరలో పోసింది, చెంచా వంగింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. డ్రయ్యర్ ఆగిపోయింది. సగం ఎండిన ముక్కలు లోపల చెమటలు కక్కుతున్నాయి. చెయ్యడానికి ఏమీ లేక పొట్టి షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుంది. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకి పిచ్చెక్కుతుంది. రెండు గాజు గ్లాసుల్లో చల్లని నీళ్ళు తెచ్చుకుని, ఒకదాంట్లో తన పొడి, ఇంకోదాంట్లో సీసాలోని పొడి ఒక్కో చెంచా వేసి కలిపింది. సూపులో ఎలా ఉంటుందో చూద్దామన్నది తప్ప ఆమె మనసులో ఇంకే ఆలోచనా లేదు. కలిపి పక్కన పెట్టి, కరెంటాఫీసుకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎత్తలేదు. తిట్టుకుంటూ గ్లాసుల వైపు తిరిగింది.

పొడి రెండింట్లోనూ అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్ళు వేరేగా ఉన్నాయి. తన గ్లాసులో లేత పసుపు. రెండో గ్లాసులో గులాబీ రంగు.

పొట్టి ఆ గ్లాసు ఎత్తి వెలుగులో పట్టుకుంది. టమాటా నీళ్ళలో ఇలా దిగదు. ఇన్నాళ్ళుగా ట్రేలు కడుగుతోంది, గుడ్డలు ఉతుకుతోంది, ఆమాత్రం ఆమెకి తెలుసు. నీళ్ళు ఇలా గులాబీ రంగెక్కడం ఆమె ఒక్కచోటే చూసింది, వదిన ట్రేలు కడిగినప్పుడు. వదిన ఒకప్పుడు మిగిలిన బీట్‌రూట్ దుంపలు చక్రాలుగా కోసి డ్రయ్యర్‌లో ఒక మూల పెట్టేది. “ఇది కూడా పొడి చేద్దాం పొట్టీ, రంగు భలే ఉంది” అంటే, “మట్టి కంపు కొడుతోంది, నా ట్రేలు పాడుచెయ్యకు” అని కసిరింది తనే.

వదిన వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. పొట్టి రెండు గ్లాసులూ ఆమె ముందు పెట్టింది.

“ఆ శాంపిల్‌లో ఏం కలిపావు?”

వదిన చేతిలో కత్తి ఆగింది. గ్లాసుల వైపు చూసింది. అబద్ధం ఆడాలని కూడా అనుకోలేదు. “బీట్‌రూట్” అంది. “కొంచెమే.”

“ఎందుకు?”

“ఫ్యాను ఆగిపోయింది. నేను చూసుకోలేదు. ఎదురింటావిడ జాకెట్టు అర్జెంటంటే మిషను దగ్గర కూర్చున్నా. వెళ్ళి చూసేసరికి సగం ట్రేలు మాడి నల్లగా అయిపోయాయి. మిగతావీ గోధుమ రంగుకి తిరిగాయి. పొద్దున్నే కంపెనీ మనిషి వస్తాడన్నావు. డబ్బాలో నా బీట్‌రూట్ పొడి ఉంది. కలిపాను.”

“నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా!”

“చేస్తే ఏం అనేదానివో చెప్పనా?” వదిన నడుం మీద చెయ్యి పెట్టి గొంతు మార్చింది. “‘ఒక్క రోజు, ఒక్క రోజు అప్పజెప్పి వెళ్తే బూడిద చేశావు. నీకు చేతకాదని నాకు ముందే తెలుసు.’ ఇదేగా? ఒక్క మాటైనా తప్పుందా?”

అన్నీ పొట్టి మాటలే. అదే ఆమె కోపాన్ని ఇంకా రేపింది.

“ఇన్నాళ్ళూ నేను చస్తుంటే చూస్తూ కూర్చున్నావు కదా వదినా! తొక్కలు గీకాను, ఊరవతలిదాకా పోయి కాయలు ఏరుకొచ్చాను, నీ ముందే కూర్చుని ఏడ్చాను. లేని రంగు కోసం! ఒక్కసారి నోరు విప్పి ఉంటే ఏం పోయేది?”

“రోజూ చెప్దామనే అనుకున్నా.”

“మరి?”

వదిన ముక్కు తుడుచుకుంది. ఉల్లిపాయలవల్లో కాదో తెలీదు. “ఆ రోజు నువ్వు నన్ను మెచ్చుకున్నావు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పట్నించీ నీ నోటి నించి ఒక్క మంచి మాట విన్నది అప్పుడే. దాన్ని ఎలా వెనక్కివ్వను?”

అప్పుడే అన్న లోపలికి వచ్చాడు. ఇద్దరినీ, గ్లాసుల్నీ మార్చి మార్చి చూశాడు. సంగతి తెలుసుకుని, అందరికీ మేలు చేద్దామనుకున్నాడు పాపం. “బీట్‌రూటే కదే, విషం కాదుగా. అదే కలిపి పంపేస్తే పోలా? గొడవ వదిలిపోతుంది” అన్నాడు. ఆ మాటతో ఇద్దరికీ కోపం అతని మీదికి మళ్ళింది. అతను వచ్చిన దారినే బయటికి వెళ్ళి, కరెంటు ఎందుకు పోయిందో కనుక్కుంటానని వీధి చివరిదాకా నడిచాడు.

కానీ అతని మాట పొట్టి చెవిలో ఉండిపోయింది. మర్నాడు ఎవరూ చూడకుండా వదిన డబ్బాలోంచి కాస్త బీట్‌రూట్ పొడి తీసి తన పొడిలో కలిపింది. తెల్ల కాగితం మీద పోసి పక్కన సీసా పెట్టింది. అచ్చు గుద్దినట్టు అదే రంగు. ఇన్నాళ్ళ తిప్పలన్నీ ఒక్క చెంచాతో తీరిపోయాయి. సంచిలో నింపింది. మూసే ముందు సంచి మీద లేబుల్ కనబడింది. “టమాటా మాత్రమే” అని పెద్ద అక్షరాలతో తనే కూర్చుని రాయించుకుంది దాన్ని. సంచి అలాగే వదిలేసి వదిన దగ్గరికెళ్ళింది.

“రేపు కంపెనీకి వెళ్తున్నా. ఉన్నదున్నట్టు చెప్పేస్తా. నువ్వూ రావాలి.”

“నేనెందుకు?”

“కలిపింది నువ్వు కాబట్టి.”

వదిన వచ్చింది. పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర కట్టుకుని మరీ వచ్చింది. అన్న వ్యానులో దించి, తను బయటే ఉంటానన్నాడు.

మేడమ్ గది చిన్నది. బల్ల మీద తెల్లని పెట్టె, దాంట్లో రంగులు పోల్చి చూసే దీపం. గోడ పొడుగునా ఎన్నో సీసాలు. పసుపు, ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు. మేడమ్ వయసులో వాళ్ళకంటే చిన్నదే. కళ్ళ కింద నల్లగా ఉంది. ఫోన్ మోగుతూనే ఉంది, ఆమె ఎత్తలేదు.

పొట్టి దాచకుండా అంతా చెప్పింది. మాడిన ట్రేలు, బీట్‌రూట్, గులాబీ నీళ్ళు. వదిన మధ్యలో, “తప్పు నాదేనండీ, మా ఆడపడుచుకి తెలీదు” అంది. మేడమ్ కలం కింద పెట్టింది.

“ఇది మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది” అంది.

“అదేంటి మేడమ్?”

“రంగు దేన్నించి వచ్చిందని నేను మిమ్మల్ని అడగలేదు కదా. ప్రతిసారీ ఒకేలా ఉండాలన్నాను, అంతే. మీరు తెచ్చిచ్చేవారు, నేను దీపం కింద చూసి తీసుకునేదాన్ని. ఇప్పుడు నా చెవిన వేశారు. తెలిశాక తీసుకుంటే తప్పు నాదవుతుంది. మా పాకెట్ మీద బీట్‌రూట్ లేదు.”

“పాకెట్ మీద వేసుకోవచ్చు కదండీ” అంది వదిన మెల్లగా.

“అది నా చేతిలో లేదమ్మా. పాకెట్లు ముందే అచ్చయి ఉన్నాయి.”

పొట్టి సంచిలోంచి తన పొడి తీసి బల్ల మీద పెట్టింది. “పోనీ ఇది తీసుకోండి. ఇది ఒట్టి టమాటా. ఏమీ కలవలేదు.”

మేడమ్ దాన్ని దీపం కింద పెట్టను కూడా లేదు. “ఇటుక రంగు సూపు ఎవరూ కొనరండీ. నాకు తెలుసు, టమాటా ఎండితే అలాగే ఉంటుంది. కానీ కొనేవాళ్ళకి తెలీదు.”

“అంటే అబద్ధం చెప్తే తీసుకునేవారు, నిజం చెప్పినందుకు వద్దంటున్నారు. అంతేనా?” పొట్టి గొంతు లేచింది. బయట కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు.

మేడమ్ కోప్పడలేదు. అందుకే పొట్టికి మరీ మండింది. “అంతేనండీ. నాకూ బాగాలేదు” అని, మళ్ళీ మోగుతున్న ఫోన్ ఎత్తింది.

వ్యానులో అన్న అద్దంలోంచి వెనక్కి చూశాడు, ఏమైందని అడగబోయి మానుకున్నాడు. ఇంటికొచ్చాక పొట్టి షెడ్డు తలుపుకి గొళ్ళెం పెట్టి, తన గదిలోకి పోయి పడుకుంది. ఎవరి మీద కోపమో ఆమెకే తేలలేదు. వదిన మీద అనుకుంటే, ‘నీ నోటికి భయపడే కదా చేసింది’ అని లోపల్నించి ఎవరో అంటున్నారు. మేడమ్ మీద అనుకుంటే, ఆ కళ్ళ కింది నలుపు గుర్తొచ్చేది. తన మీద కోపం తెచ్చుకోవడం ఆమెకి అలవాటు లేదు. చివరికి టమాటా మీద కోపం తెచ్చుకుంది.

వానలు పట్టాయి. షెడ్డులో ఉన్న డబ్బాలన్నీ తీసుకొచ్చి వదిన వంటింట్లో పేర్చింది, గడ్డకట్టకుండా. ఆడపడుచూ వదినా మాట్లాడుకోవడం మానేశారు. “ఉప్పు ఇమ్మను”, “తలుపు వెయ్యమను” అని అన్న ద్వారా నడిచేది సంభాషణ. అతను ఎదురుగా ఉన్న ఇద్దరికీ కబుర్లు మోసి మోసి అలిసిపోయాడు. పైగా ప్రతి కూరలోనూ అదే పొడి. గుడ్లలో టమాటా, బంగాళాదుంపల్లో టమాటా, పప్పులో టమాటా. “రేపు కాఫీలో కూడా వేస్తుందేమో, అడుగు” అన్నాడు చెల్లెలితో. ఆమె అడగలేదు.

ఒక పొద్దున్న వంటింట్లోంచి వదిన గట్టిగా పిలిచింది. “పొట్టీ! ఇలా రా. ఊరికే రా, మాట్లాడక్కర్లేదు.”

మాట్లాడక్కర్లేదన్నది కాబట్టి పొట్టి వెళ్ళింది. పొయ్యి మీద బాణలి, దాంట్లో కాస్త నూనె. వదిన రోజూ పొడిని నీళ్ళలో కలిపి కూరలో పోసేది. ఆ రోజు నీళ్ళు కలిపే ఓపిక లేక, సన్నటి మంట మీద నూనెలోనే వేసేసింది. ఇటుక రంగు పొడి నూనెలో మెల్లగా విచ్చుకుని, బాణలి అంతా నిప్పు రంగుకి తిరిగింది. బీట్‌రూట్ ఎరుపు కాదది. ఎక్కువ పండిన టమాటా కోస్తే లోపల కనిపించే ఎరుపు.

పొట్టి బాణలి మీదికి వంగి చూసింది. “ఏం కలిపావు?”

“ఏమీ కలపలేదు. నువ్వే వెయ్యి, కావాలంటే.”

పొట్టి ఇంకో గిన్నె పెట్టి తన చేత్తో వేసి చూసింది. అంతే ఎర్రగా వచ్చింది. అప్పటికప్పుడు మేడమ్‌కి ఫోన్ చేసింది. అంతా విని మేడమ్, “బావుందండీ. కానీ మాది వేడినీళ్ళలో కలుపుకునే సూపు, నూనె ఉండదు” అంది. పొట్టి ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, “దీనమ్మ కడుపు కాలా” అంది. వదినకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు. పొట్టి నవ్వలేదు గాని, లేచి వెళ్ళిపోలేదు.

నూనె వాడే వంటవాళ్ళని వెతకాలన్నది వదిన ఆలోచన. వర్షంలో గొడుగు పట్టుకుని ఇద్దరూ తిరిగారు. ఒక హోటలాయన చిటికెడు నోట్లో వేసుకుని, “ఇంత కష్టం దేనికమ్మా, కాయలు తెచ్చుకుంటాం గదా” అన్నాడు. ఇంకోచోట గుమ్మంలోంచే పంపేశారు. నర్సులు చదువుకునే హాస్టలు ఒకటుంది, అక్కడ వంటమాస్టారు మాత్రం లోపలికి రానిచ్చాడు. భారీ మనిషి, మాట ఇంకా భారీ.

“పొడులు నేను వాడనమ్మా. ఇంతకుముందు ఒకడు ఇచ్చాడు. నీళ్ళలో వేస్తే ఉండలు కట్టి పిల్లలంతా నన్ను తిట్టారు.”

“నీళ్ళలో వెయ్యకండి మాస్టారూ” అంది వదిన. “మీ పొయ్యి ఒక్క నిమిషం ఇస్తారా?”

ఆయన విసుగ్గా పక్కకి జరిగాడు. వదిన నూనె పోసి, మంట తగ్గించి పొడి వేసింది. పొట్టి పక్కనే నిలబడింది. మంట ఇంకా తగ్గించు, ఎక్కువ వెయ్యకు, గరిటె అలా కాదు. ఇవన్నీ ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. పళ్ళు బిగపట్టుకుంది. వంటమాస్టారు చెంచాతో తీసుకుని రుచి చూశాడు. ఇంకోసారి చూశాడు.

“పులుపు ఎక్కువ.”

“అది టమాటా మాస్టారూ, పులుపే ఉంటుంది” అంది పొట్టి.

“ఏం కలిపారు దీంట్లో?”

“ఏమీ కలపలేదు” అన్నారిద్దరూ ఒక్కసారే.

ఆయన గొణుక్కుంటూ ఒక డబ్బా ఉంచుకున్నాడు. కాయల ధర మండిపోయే వానాకాలంలో ఆ డబ్బా ఆయనకి బాగానే పనికొచ్చినట్టుంది. ఇంకో రెండు డబ్బాలు కావాలని కబురు పంపాడు. సూపు కంపెనీ ఆర్డరు ముందు ఇది ఏ మూలకీ రాదు. డ్రయ్యర్ వారంలో సగం రోజులు ఖాళీగానే ఉంటుంది. వదిన మళ్ళీ మిషను మీది గుడ్డ తీసి, మధ్యాహ్నాలు బట్టలు కుడుతోంది.

షెడ్డు తలుపు మళ్ళీ తీసిన రోజున వదిన గుమ్మంలోనే నిలబడి చెప్పింది. “ఆరబెట్టడం ఇకనించి నా పని. ఎప్పుడు తియ్యాలో నేను చెప్తా. మరా, జల్లెడా నీవి. నా ట్రేల జోలికి రావద్దు.”

“నీ ట్రేలా?”

“నా ట్రేలే. ఇంకోటి. మాడితే మాడిందని చెప్తా. నువ్వు అరిస్తే నేనూ అరుస్తా.”

పొట్టి ఆమెని తేరిపార చూసింది. కోపం పూర్తిగా పోలేదు. గులాబీ నీళ్ళ గ్లాసు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది, ఇంకా చాలా రోజులు మండేలాగే ఉంది. అయినా “సరే” అంది. తల వంచి లోపలికొచ్చి, మర మూత తీసి, బ్లేళ్ళకి ఇంకా అంటుకుని ఉన్న పాత ముద్దని వేడినీళ్ళలో నానబెట్టింది.

“ఫ్యాను శబ్దం తేడాగా ఉంది” అంది వదిన డ్రయ్యర్ దగ్గర్నించి.

“బాగానే ఉంది.”

“లేదు, తేడాగా ఉంది. మీ అన్నయ్యని పిలు.”

“నీకు నోరు లేదా? నువ్వే పిలు” అంది పొట్టి. తర్వాత తనే గుమ్మంలోంచి తల బయటపెట్టి, “అన్నయ్యా! ఫ్యాను చూడాలిట!” అని కేక వేసింది.